మా వంటింట్లోంచి వెళ్ళిన నాటకం

సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంటుందంటే ఏనుగునైనా బేరమాడి ఇంటికి తోలుకొచ్చేవాళ్ళు ఉంటారు. మా చిన్నకోడలు నాటకాన్ని తోలుకొచ్చింది. ఏనుగైతే నయం, పెరట్లో కట్టేస్తే ఓ మూల పడుండేది. నాటకం అలా పడుండే రకం కాదు కదా, ఇల్లంతా తిరిగింది.

మా ఇంటికీ ఊరి హాలుకీ మధ్య ఒకటే గోడ. ఇటు ముందు మా టైలరు షాపు, దాని వెనక నడిమి గది, ఆ వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు. అటు హాలు. హాలు కట్టినాయన ఏ పరధ్యానంలో ఉన్నాడో గానీ స్టేజీ వెనక తలుపు తిన్నగా మా పెరట్లోకి పెట్టించాడు. ఆ తలుపు తీసినవాళ్ళు లేరు, తియ్యాల్సిన పని పడిందీ లేదు. హాల్లో రెండువందల కుర్చీలున్నాయి. ఏడాదికి నాలుగు మీటింగులు జరిగితే గొప్ప. మిగతా రోజుల్లో పావురాలు సభ తీర్చి కూర్చుంటాయి.

హాలుకి ఒక కమిటీ, కమిటీకి ఒక ప్రెసిడెంటు. ఆయనకి సిమెంటు కొట్టుంది. ఎవరేం అడిగినా ‘చూద్దాం’ అంటాడు. ఫ్యాను తిరగడం లేదంటే చూద్దాం, పైకప్పు కారుతోందంటే చూద్దాం. ఊరంతా ఆయన్ని చూద్దాంగారు అనే పిలుస్తుంది. ఎదురుగా కాదులెండి, చాటుగా. ఆ కమిటీకి సెక్రటరీగా ఎవరూ రాకపోతే మా చిన్నకోడలు నేనుంటానంది. చూద్దాం అన్నాడాయన. ఆ చూద్దాన్ని పట్టుకుని ఇది మర్నాడే తాళంచెవులు తెచ్చేసుకుంది.

అంతకుముందు ఈ పిల్ల మా షాపులో కాజాలు తీసేది. చెప్పకూడదు గానీ, అది తీసిన కాజాలో గుండీ దూరితే మళ్ళీ రాదు, వచ్చేది దూరదు. ఒక పెద్దమనిషి కోటు విప్పుకోలేక దాంతోనే పడుకున్నాడని కూడా కబురొచ్చింది. చేతకాక కాదు, మనసు అక్కడ లేదు. హాలు తాళంచెవులు చేతికొచ్చాక మాత్రం పిల్ల నడకే మారిపోయింది.

అప్పుడు తెలిసింది దానికి ఈ పథకం సంగతి. కళాశాఖవాళ్ళ దగ్గర ఊరూరూ తిరిగి ఆడే బృందాల జాబితా ఉంటుంది. అందులోంచి ఎవరినైనా మన హాలుకి పిలిపించుకుంటే వాళ్ళకిచ్చే దాంట్లో సగం ప్రభుత్వమే ఇస్తుంది. మొదటి ఆట జనానికి ఉచితం, మనకి పరీక్ష. ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు. ఆట మొత్తం ఆడాలి, ఒక్క ముక్క కొయ్యకూడదు. సగం కుర్చీలైనా నిండాలి. అలా జరిగితే హాలు వాళ్ళ జాబితాలోకి ఎక్కుతుంది. ఇక బృందాలు వాటంతటవే వస్తూ పోతూ ఉంటాయి, సెక్రటరీకి జీతం కూడా వాళ్ళే ఇస్తారు. జరగకపోతే ఏమిటన్నది చూద్దాంగారు చెప్పాడు. జన్మలో మొదటిసారి చూద్దాం అనకుండా మాట్లాడాడు.

“జరగకపోతే వచ్చే నెల నుంచి అందులో నా సిమెంటు బస్తాలు పెట్టుకుంటానమ్మా. బస్తాలకి సెక్రటరీ ఎందుకు?”

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా ముందు కూర్చుంది.

“అత్తయ్యా, నాకు కాజాలు రావు. ఎన్నేళ్ళు కూర్చున్నా రావు. హాలు పోతే మళ్ళీ ఆ ముక్కాలిపీట మీదే కూర్చోవాలి నేను.”

“నాకు తెలుసు తల్లీ, నీ కాజాలు వేసుకున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు” అన్నాను. నవ్వింది గానీ కళ్ళల్లో నీళ్ళున్నాయి.

కళాశాఖవాళ్ళు ఏడాదికోసారి ఎంపిక మేళా అని పెడతారు. బృందాలన్నీ ఒకచోట చేరి ఒక్కొక్కరూ పది నిమిషాలు ఆడి చూపిస్తారు. ఊళ్ళ నుంచి వచ్చిన హాలు సెక్రటరీలు కుర్చీల్లో కూర్చుని చూస్తారు. తర్వాత బల్లల దగ్గర బేరాలు. మా చిన్నాడికి షాపు వదిలి రావడం కుదరక నన్ను తోడు తీసుకెళ్ళింది. నా జన్మలో అంత సందడి ఎరగను. ఒకాయన మూడు వేణువులు ఒకేసారి ఊదాడు, అందులో ఒకటి ముక్కుతో. మాయలు చేసే కుర్రాడు నా మొహం మీది కళ్ళజోడు మాయం చేసి, మా హాలుకి పిలుస్తానంటే గానీ ఇవ్వనన్నాడు. బొమ్మలాడించే అమ్మాయి నన్ను చేతులు కడుక్కునే చోటుదాకా వెంబడించింది. నా పక్కనే నిలబడి బొమ్మ అడుగుతోంది, బామ్మగారూ మీ స్టేజీ ఎంతుంటుందీ అని. బొమ్మకి జవాబు చెప్పకపోతే బాగుండదని నేనూ చెప్పాను, మా కోడలికి తెలుసమ్మా అని.

అక్కడ ఎవరిని కదిపినా అదే ప్రశ్న. పెళ్ళి సంబంధాల్లో అబ్బాయి జీతం అడిగినట్టు ముందు స్టేజీ వెడల్పు అడుగుతారు. మా పిల్ల తడుముకోకుండా ఇరవై తొమ్మిదిన్నర అడుగులని చెప్పేది.

చివర్లో ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది. నిండైన మనిషి, ఎర్ర కోటు, అవసరం లేని చేతికర్ర. ఆవిడ బృందం ఆడేది నవ్వుల నాటకం. బావమరిది వస్తున్నాడని తెలిసి, ఊళ్ళో లేనని చెప్పించి ఇంట్లోనే దాక్కున్న ఒక బావగారి కథ. ఇంటికి మూడు తలుపులు. ఈ తలుపులోంచి బావమరిది వస్తుంటే బావగారు ఆ తలుపులోంచి పారిపోతూ ఉండాలి. మేళాకి ఒక్క తలుపే తెచ్చారు. ఒక్క తలుపుకే నేను నవ్వి నవ్వి పక్క కుర్చీ ఆయన భుజం మీద వాలిపోయాను. మా కోడలు నవ్వలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇదేనన్నమాట.

బల్ల దగ్గర ఆ పెద్దావిడ లెక్క చెప్పింది. మూడు తలుపులూ కలిపి బిగించిన చట్రం ఇరవై తొమ్మిది అడుగులట. మాది ఇరవై తొమ్మిదిన్నర అనేసరికి మొహం విప్పారింది. ఆ అరడుగూ ఊపిరి పీల్చుకోవడానికి సరిపోతుంది వదినగారూ అంది నాతో. అప్పటి నుంచి నేనావిడకి వదిననే.

ఇక ఆ ఇరవై తొమ్మిదిన్నర సంగతి చెప్పాలి. మా షాపు టేపుకి మొదటి ఆరంగుళాలు లేవు. ఇస్త్రీపెట్టె కింద పడి కాలిపోతే ఆ ముక్క కత్తిరించేసి, మా ఆయన అదే వాడుతున్నారు. కొత్తది కొనమంటే చేతికి అలవాటైనదాన్ని ఎలా పారేస్తామంటారు. టేపు మొదలే ఆరు నుంచి కాబట్టి నడుము నలభై అని కనిపిస్తే ముప్ఫై నాలుగని రాసుకుంటారు. మా ఇంట్లో అందరికీ అదే అలవాటు, ఏది కొలిచినా ఆరు తీసెయ్యడం. చిన్నాడూ కోడలూ ఆ టేపుతోనే స్టేజీ కొలిచారు. టేపు పరిచి, చివర సుద్దగీత గీసి, గీత దగ్గర నుంచి మళ్ళీ పరిచి, అలా ఆరుసార్లు. టేపు నిడివి అయిదడుగులు కదా, ఆరు అయిదులు ముప్ఫై అడుగులు. అందులోంచి మన ఆరంగుళాలూ తీసేశారు. సరిచూసుకుని మరీ ఫారం మీద రాశారు.

ఆట రోజు మధ్యాహ్నం లారీ వచ్చింది. చట్రం లోపలికి మోశారు, బోల్టులు బిగించారు, నిలబెట్టారు. మొదటి తలుపు బాగుంది. రెండో తలుపు బాగుంది. మూడో తలుపు స్టేజీ అంచు దాటి గాల్లో వేళ్ళాడుతోంది. తెరిచి అడుగేస్తే నేరుగా నేల మీదికే.

పెద్దావిడ కర్రతో చట్రాన్ని తట్టి చూసింది, స్టేజీని తట్టి చూసింది. ఎవరు కొలిచారని అడిగింది. చిన్నాడు మెళ్ళో టేపుతో నిలబడి ఉన్నాడు, ఇక వేరే చెప్పాలా? ఆవిడ టేపు చేతిలోకి తీసుకుని అంచు చూసింది.

“ఇది ఆరు నుంచి మొదలవుతుందేమిటి బాబూ?”

మా ఆయన, చిన్నాడు, కోడలు, నేను, నలుగురం ఒక్క గొంతుతో చెప్పాం.

“ఆరు తీసెయ్యాలండీ.”

“ఎన్నిసార్లు తీశారు?”

ఆరుసార్లు పరిచిన టేపుకి ఆరుసార్లూ ఆరంగుళాలు తీసెయ్యాలి కదా. మావాళ్ళు ఒక్కసారి తీసి ఊరుకున్నారు. చొక్కాకి చాలే లెక్క స్టేజీకి ఎలా చాలుతుంది? స్టేజీ ఉన్నది ఇరవై ఏడడుగులు. ఆ లెక్క తేలగానే మా ఆయన టేపు వంక ఎలా చూశారంటే, ఇన్నేళ్ళ స్నేహితుడు సాక్ష్యం తప్పు చెప్పినట్టు.

మూడో తలుపు తీసేస్తే ఏమవుతుందని చిన్నాడు మెల్లిగా అడిగాడు. నాటకం అయిపోతుంది నాయనా, మొదలవకుండానే, అందావిడ. ఆ తలుపు లేకపోతే బావగారు మొదటి అయిదు నిమిషాల్లోనే దొరికిపోతాడట. పైగా ముక్క కోస్తే ఆఫీసరు ఒప్పుకోడు. అదే సమయానికి చూద్దాంగారు కూడా వచ్చాడు. కళ్ళతోనే హాలు నాలుగు మూలలూ కొలుస్తున్నాడు, మూలకి ఎన్ని బస్తాలు పడతాయా అని.

మా కోడలు స్టేజీ ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మూడో తలుపుని చట్రం నుంచి విప్పించి కింద పెట్టిద్దామంది. స్టేజీ పక్క గోడకి హాలు పక్కగుమ్మం ఒకటుంది, మా షాపు ముందున్న సందులోకి తెరుచుకుంటుంది. సరిగ్గా దాని ముందు, జనం మధ్య నేల మీద. బావగారు స్టేజీ మెట్లు దిగి ఆ తలుపు తీసుకుని పోతే చాలు. బాగానే ఉంది గానీ, పోయినవాడు జనానికి కనపడకుండా మళ్ళీ స్టేజీ వెనక్కి ఎలా వస్తాడు, అటువైపు దారి లేదు కదా అంది పెద్దావిడ.

కోడలు నా వైపు తిరిగింది.

“అత్తయ్యా” అంది. అంతే.

నేను వెళ్ళి వంటింట్లో నేల మీద ఉన్న గిన్నెలన్నీ పైకి సర్దడం మొదలుపెట్టాను. సందులోంచి మా షాపు, షాపులోంచి నడిమి గది, వంటిల్లు, పెరడు, పెరట్లోంచి స్టేజీ వెనక తలుపు. అదీ దారి. ఆ వెనక తలుపు బిగుసుకుపోయి ఉంటే మా ఆయన మిషను నూనె సీసా మొత్తం బందులకి పోసేశారు. తెరుచుకోగానే లోపలి నుంచి ఒక పావురం నడుచుకుంటూ బయటికొచ్చింది, ఇంటాయన నిద్ర లేచొచ్చినట్టు.

బావగారి వేషం వేసే సన్నటి మనిషి ఒకసారి పరిగెత్తి చూశాడు. పెద్దావిడ చప్పట్లతో లెక్కపెట్టింది. అతను వచ్చేలోపు స్టేజీ మీద ఉన్నవాళ్ళు మాటలు కాస్త సాగదీయాలి. కొయ్యకూడదన్నారు గానీ సాగదీయకూడదని ఎవరన్నారు, అందావిడ. ఆ మాటతో అందరికీ ఊపిరొచ్చింది.

సాయంత్రం ఆరింటికల్లా హాలు నిండింది. ఉచితమన్నాక ఇంట్లో ఎవరుంటారు? ఆఫీసరు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చేతిలో గుప్పెట్లో పట్టే యంత్రం, నొక్కితే టిక్కుమని ఒకటి పెరుగుతుంది. నా చోటు వంటింటి గుమ్మం. తలుపులు తెరిచి ఉంచడం, దారికి అడ్డం ఏమీ రాకుండా చూడడం నా పని. మా ఆయన షాపు మూసెయ్యమంటే వినలేదు. ఒక మేనేజరుగారు కోటు కొలత చూసుకోవడానికి వస్తానన్నాడు, మాటిచ్చాను అన్నారు.

గోడ అవతల నవ్వులు మొదలయ్యాయి. కాసేపటికి సందులో అడుగుల చప్పుడు. మా బావగారు దూసుకొచ్చాడు, ఒక కాలికే చెప్పుంది, చంకలో దిండుంది. షాపులో మా ఆయనకి పరుగులోనే నమస్కారం పెట్టి, నాకొక నమస్కారం పెట్టి, పెరట్లోకి మాయమయ్యాడు. వెనకే బావమరిది. వాడు మర్యాదస్తుడు, గుమ్మం దగ్గర ఆగి, ఇటు ఎవరైనా వచ్చారా అండీ అని నన్నే అడిగాడు. నాటకమని మర్చిపోయి నేను, లేదు బాబూ అనేశాను. ఎందుకనేశానో నాకే తెలియదు. ఆడమనిషికి జాలి ఎక్కువ, బావగారు దొరికిపోతాడేమోనని.

తర్వాత బావగారి భార్య వేషం వచ్చింది, నీళ్ళ చెంబుతో. ఒక్క చుక్క ఒలకలేదు. ఆ తర్వాత పెద్దావిడ. ఆవిడది అత్తగారి వేషం. పరిగెత్తడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు, అందుకని పరిగెత్తలేదు. ఓడ వచ్చినట్టు నింపాదిగా వచ్చింది. అల్లుడిని తిట్టే తిట్లు మాత్రం షాపు గుమ్మంలోనే అందుకుంది. నడిమి గదిలో తిట్టింది, వంటింట్లో నిలబడి మంచినీళ్ళు తాగి మళ్ళీ తిట్టింది. గోడ అవతల జనానికి మనిషి కనపడకుండా తిట్లు మాత్రం దగ్గరికొస్తూ వినపడుతున్నాయి. అవతల హాలు పగలబడి నవ్వుతోంది.

ఇక్కడే మొదలైంది అసలు గొడవ. మేనేజరుగారు ఒక చెయ్యి కుట్టిన కోటుతో అద్దం ముందు నిలబడి ఉన్నాడు. అద్దంలో తన వెనక దిండుతో ఒకడు, చెంబుతో ఒకామె పోతూ కనపడేసరికి ఇక కొలత మీద ధ్యాస లేదు. సందులో పోయేవాళ్ళు ఆగారు. వాళ్ళని చూసి ఎదురింటివాళ్ళు వచ్చారు. హాల్లో పక్కగుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు, ఈ బావగారు పోయి పోయి ఎక్కడికి పోతున్నాడో చూద్దామని ఒక్కొక్కళ్ళే లేచి బయటికి జారారు. వరస వెనక వరస. సందంతా కిటకిటలాడింది. అవతల హాల్లో నవ్వులు పల్చబడ్డాయి.

చిన్నాడు పరిగెత్తుకొచ్చాడు, అమ్మా, ఆఫీసరు లేచి కుర్చీలు లెక్కపెడుతున్నాడు, సగం కూడా లేరు అని. వాడి వెనకే కోడలు. పిల్ల మొహం పాలిపోయింది. పొయ్యి గట్టుకి ఆనుకుని నిలబడింది.

“అత్తయ్యా, నాటకం బాగుండబట్టే పోతోంది.”

దాని కన్నీళ్ళు తుడవడానికి కొంగు తీస్తున్నాను, ఈలోగా సందులోంచి పెద్ద గలాటా వినపడింది. బావగారు ఈసారి ఆడవాళ్ళ దుప్పటి కప్పుకుని పోయాడు. సందులో ఉన్నవాళ్ళు వాదించుకుంటున్నారు. అది భార్య దుప్పటని ఒకరు, కాదు అత్తగారిదని ఒకరు. అసలెందుకు కప్పుకున్నాడో ఎవరికీ తెలియదు. తెలియాలంటే లోపల ఉండాలి కదా. లోపల ఉన్నవాళ్ళకేమో వాడు ఎటు పోయాడో తెలియదు.

కోడలు తల పక్కకి వంచి విన్నది. తర్వాత కళ్ళు తుడుచుకుని షాపు మెట్ల మీదికెళ్ళి నిలబడింది. గొంతు అంత లేస్తుందని నాకు తెలియదు.

“వాడు దుప్పటి ఎందుకు కప్పుకున్నాడో హాల్లో ఉంది. కప్పుకుని ఎటు పోయాడో మా ఇంట్లో ఉంది. ఒక్కచోటే నిలబడితే సగం నాటకమే చూసినట్టు. నడవండి.”

నడవమంటే నడిచారా, పరిగెత్తారు. పక్కగుమ్మంలోంచి సందులోకి, సందులోంచి మా షాపు, నడిమి గది, వంటిల్లు, పెరడు. పెరట్లో చిన్న గేటుంది, దాంట్లోంచి పోతే హాలు ముందు ద్వారం. మళ్ళీ లోపలికి. బావగారు పోతే వెనకే ఓ ఇరవై మంది. చూసి మళ్ళీ హాల్లోకి పోయి, అక్కడేం జరిగిందో చూసి మళ్ళీ బయటికి. మా ఇల్లు రైల్వే స్టేషను అయిపోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఎడంపక్క పెరడు, కుడిపక్క నీళ్ళతొట్టి, చూసి అడుగెయ్యండి, అని అరుస్తున్నాను. చూద్దాంగారు మొదటిసారి వచ్చినప్పుడు ఇదేం గోల అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకున్నాడు. మూడోసారి వచ్చినప్పుడు పెరటి గేటు తలుపు తనే పట్టుకుని, తొందరగా రండి, అత్తగారు స్టేజీ మీదికొచ్చేసింది, అని జనాన్ని తోలుతున్నాడు.

మేనేజరుగారు మాత్రం దారి తప్పాడు. గేటువైపు తిరగకుండా బావగారి వెనకే తిన్నగా పోయి, ఒంటిచేతి కోటుతో స్టేజీ మీద తేలాడు. దీపాల వెలుగులో నిలబడిపోయాడు పాపం. బావమరిది వేషం వాడు ఏమాత్రం తొణక్కుండా, ఏమండీ, మా బావ కనిపించాడా అని అడిగాడట. మేనేజరుగారు నిజాయితీపరుడు. “అదిగో, ఆ బీరువా వెనక” అని వేలు పెట్టి చూపించాడట. నేను చూడలేదు గానీ గోడ అవతల నుంచి వచ్చిన నవ్వుకి నా గట్టు మీది గిన్నెలు గలగలమన్నాయి.

ఆఫీసరు లెక్కపెట్టడానికి శతవిధాలా ప్రయత్నించాడు. కుర్చీలో కూర్చున్నవాణ్ణి టిక్కు అనేలోపు వాడు లేచిపోతాడు. చివరికి అందరూ ఒక్కొక్కరుగా నడవక తప్పని చోటు మా వంటింటి గుమ్మం ఒక్కటే అని కనిపెట్టి, వచ్చి నా పక్కన నిలబడ్డాడు. టిక్కు, టిక్కు. కాసేపయ్యాక ఆపేశాడు. వెళ్ళినవాళ్ళే మళ్ళీ వస్తున్నారు, లెక్క ఎలా తేలుతుందండీ అన్నాడు దిగులుగా. నాకు జాలేసింది. ఊళ్ళో అందరూ మా షాపులో కుట్టించుకున్నవాళ్ళే, మొహం చూడకపోయినా భుజం చూసి చెబుతాను. ఇతను ఇందాక వచ్చాడు వదిలెయ్యండి, ఈమె కొత్త నొక్కండి, ఆయన మూడోసారి, ఆయనకేం పన్లేదు, అంటూ పక్కన నిలబడి చెప్పాను. ఇద్దరం మంచి జోరుగా పని చేశాం. మధ్యలో దుప్పటి కప్పుకుని బావగారు వస్తే ఆఫీసరు అలవాటు కొద్దీ టిక్కుమని నొక్కి, నాలుక కరుచుకుని ఒకటి తగ్గించుకున్నాడు.

నాటకం మొత్తం ఆడారు. ఒక్క ముక్క పోలేదు. చివరికి బావగారు ఎక్కడ దొరికాడో, ఏం చెప్పి తప్పించుకున్నాడో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఊరంతా తలా ఒక రకంగా చెబుతారు. చప్పట్లు మాత్రం విన్నాను. ఆగకుండా కొడుతూనే ఉన్నారు, హాల్లో కొందరు, సందులో కొందరు, మా పెరట్లో కొందరు.

జనం వెళ్ళాక ఆఫీసరు మా షాపులో కూర్చున్నాడు. ఆట కొయ్యలేదని రాసుకున్నాడు. సగానికి మించి జనం ఉన్నారని రాసుకున్నాడు. తర్వాత కలం ఆపాడు.

స్టేజీ కొలత ఫారంలో రాసింది తప్పు కదా. ఇరవై ఏడడుగుల స్టేజీ అయితే మా హాలు ఈ జాబితాకి చాలదట, పెద్ద బృందాలు పట్టవట. అయితే ఇవాళ ఆట జరిగింది ఇరవై ఏడడుగుల్లో కాదు. వేషగాళ్ళు కాలు పెట్టిన చోటంతా స్టేజీయే అని రాయొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ చోటు ఎవరిదో వాళ్ళు సంతకం పెట్టాలి. ఒక్క రోజుకి కాదు. హాలు జాబితాలో ఉన్నన్నాళ్ళూ, ఏ బృందం వచ్చినా.

ఈ ఇల్లు ఎవరిదని అడిగాడు. మా ఆయన కత్తెర కొసతో నన్ను చూపించారు. ఇల్లు నా పేరు మీదే ఉంది, మా నాన్న ఇచ్చింది.

అందరూ నా వంక చూశారు. పెద్దావిడ చూసింది, చిన్నాడు చూశాడు, గేటు పట్టుకుని పట్టుకుని చెమటలు కక్కుతున్న చూద్దాంగారు కూడా చూశాడు. కోడలు ఒక్కతే చూడలేదు. నేల చూస్తూ నిలబడింది.

“వద్దనిపిస్తే వద్దనండి అత్తయ్యా. వంటిల్లు మీది. ఇవాళ్టికి అడక్కుండానే వాడేసుకున్నాను.”

నేను వెనక్కి తిరిగి వంటిల్లు చూశాను. నేలంతా అడుగుల మచ్చలు. నీళ్ళతొట్టి ఒంకరగా జరిగింది. ఎవరిదో గొడుగు పొయ్యి మీద ఉంది. ఆ గదిలో నేను ఎన్ని వేలసార్లు వండానో లెక్కలేదు. వండాను, కడిగాను, దీపం ఆర్పాను. అందులోంచి ఎవరైనా నవ్వుతూ పరిగెత్తింది ఎప్పుడైనా ఉందా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు. నాకు అన్నీ గుర్తుంటాయి, అడిగి చూడండి ఎవరినైనా.

ఆఫీసరుని ఒక్కటే అడిగాను, వచ్చేసారి ఎవరొస్తారు బాబూ అని. కాయితాలు తిరగేసి, గుర్రం వేషం వాళ్ళు ఉన్నారండీ, ఒక్కో గుర్రంలో ఇద్దరు మనుషులుంటారు అన్నాడు.

“ఎన్ని గుర్రాలు?”

“ఆరండి.”

“అయితే నీళ్ళతొట్టి పెరట్లోకి మార్చాలి” అన్నాను. కలం ఇటివ్వమని సంతకం పెట్టేశాను. నా సంతకం కాస్త నిదానం, ఒక్కో అక్షరం కూర్చుని లేచినట్టుంటుంది.

కోడలు కాళ్ళకి దణ్ణం పెట్టలేదు, కౌగిలించుకోలేదు. గిరుక్కున తిరిగి షాపు గుమ్మంలోంచి బయటికి పరిగెత్తింది. ఎక్కడికే అని చిన్నాడు అరుస్తున్నాడు. సందులో అడుగుల చప్పుడు, హాలు గుమ్మం, ఖాళీ హాల్లో దాని కేక. మళ్ళీ పక్కగుమ్మం, మళ్ళీ సందు. జుట్టు ఊడిపోయి, రొప్పుతూ షాపులోకి వచ్చింది. మా ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని దారిచ్చారు. నడిమి గది, వంటిల్లు, పెరడు, స్టేజీ. గోడ అవతల స్టేజీ చెక్కల మీద ధనధనమని గెంతుతోంది. ఒంటరిగా నవ్వుతోంది. రెండోసారి తిరిగొచ్చినప్పుడు ఆగకుండానే నా చెయ్యి పట్టుకుంది.

నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. డాక్టరుగారికి ఇంకా బాగా తెలుసు. ఆ సంగతి రేపు చూసుకోవచ్చులే అనుకుని, కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నేనూ పరిగెత్తాను.